మిషన్ గుర్తుపట్టని నొసలు

నాకు అభిప్రాయాలు ఎక్కువ. మా కాలేజీ స్టాఫ్ రూములో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. యంత్రాల మీద, సర్కారు పథకాల మీద, సినిమాల్లో కోసేసే సీన్ల మీద, ఎవరేం మాట్లాడొచ్చు ఎవరేం మాట్లాడకూడదు అన్నదాని మీద నన్ను కదిపితే చాలు, గంట కొట్టేదాకా ఆపేదాన్ని కాదు. ఫిజిక్సు చెప్పేదాన్ని కాబట్టి యంత్రాల పక్షాన గట్టిగా నిలబడేదాన్ని. యంత్రానికి కులం తెలియదు, మొహమాటం తెలియదు, చెయ్యి చాపడం తెలియదు, మనిషికంటే అదే నయం అనేదాన్ని. ఇక మాటల విషయంలో అయితే, ఎవరి మాటనూ చెరిపెయ్యకూడదు, తప్పు మాటకు మందు ఒప్పు మాటే అని బల్ల గుద్దేదాన్ని.

ఇప్పుడు అదే మనుషులు అవే అడిగితే "ఏమో" అంటున్నాను. ఈ ఏమో అనే జబ్బు నాకు ఎలా అంటుకుందో చెప్పాలి. సరదాగా చెప్పేద్దామంటే కుదరదు. ఇందులో ఒక అమ్మాయి ఉద్యోగం చిక్కుకుంది. ఆ పిల్ల ఈ ఊళ్ళో ఉంటుందా, చంటిబిడ్డను వదిలి ఎక్కడికో పోవలసి వస్తుందా అన్నదాకా వచ్చింది. అయినా కొన్ని చోట్ల నవ్వొస్తుంది, ఏం చెయ్యను.

మేము తిరుచానూరులో ఉంటాం, నేనూ మా నాయనా. నాయన ఎనభై దాటిన మనిషి. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరైనాడు. మాది నామాలు పెట్టుకునే ఇల్లు. పొద్దున్నే మా వీధి చివరి చిన్న గుడిలో పాశురాలు చదివే గోష్ఠి ఒకటి ఉంటుంది. నాయన అందులో ముందు వరసలో కూర్చుంటాడు. వానైనా, జ్వరమైనా, కర్ఫ్యూ అయినా ఆయన నాగా పెట్టడు. స్నానం కాగానే అరచేతిలో తిరుమణి సుద్ద అరగదీసి, అద్దం లేకుండానే నొసటి మీద తెల్లగీతలు దిద్దుతాడు. మధ్యలో ఎర్రగా శ్రీచూర్ణం. అంతయ్యాకనే కాఫీ. మా ఇళ్ళలో నొసలు బోసిగా ఉందంటే ఎవరో పోయారని లెక్క. మైల ఉన్న పదిరోజులూ నామం ఉండదు. బోసి నొసటితో వీధిలోకి వచ్చిన మనిషిని చూసి ఎదురింటివాళ్ళు "ఎవురు పోయినారు స్వామీ?" అని అడుగుతారు. అది నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ నాయన నొసటి మీద గీతలు వంకర పోతే నాకు రోజంతా ఏదోగా ఉంటుంది. ఇదేం సైన్సో నన్నడక్కండి.

రిటైరైనవాళ్ళు ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. ఇదివరకు ఆఫీసరు ముందు నిలబడి సంతకం చేస్తే సరిపోయేది. ఈసారి మా వార్డు సచివాలయంలోనే ఫోనులో మొహం చూపిస్తే అయిపోతుందని చెప్పారు. నేను సంబరపడిపోయాను. "చూశావా నాయనా, వేలిముద్ర లేదు, సంతకం లేదు, నీ మొహమే నీ సాక్ష్యం" అన్నాను. "నా మొహం నాకే సరిగ్గా తెలీదు. అద్దం సూసి ఎన్నాళ్ళైందో" అన్నాడు నాయన.

సచివాలయంలో ఈ పని చూసే అమ్మాయి నగరి పిల్ల. ఇంట్లో మగ్గాలు ఉన్నాయట. చదువుకుని పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. భర్త ఇక్కడే ఒక లాడ్జిలో పని చేస్తాడు. ఇంకా ఏడాది నిండని కొడుకును పక్కింటావిడ దగ్గర వదిలి వస్తుంది. మధ్యాహ్నం భోజనానికి లేచి, అన్నం తినకుండా బిడ్డ దగ్గరికి పరిగెత్తి వస్తుందని అక్కడి క్యూలో ఉన్నవాళ్ళే చెప్పారు. మనిషి నెమ్మది. నాయనను "రండి తాతా, కూసోండి" అని ఫ్యాను కింద కూర్చోబెట్టింది.

ఫోను ఎత్తి పట్టింది. తెర మీద గుండ్రటి గీత, అందులో నాయన మొహం. కళ్ళు ఆర్పమంది, ఆర్పాడు. గీత తిరిగి తిరిగి ఎర్రబడింది. సరిపోలేదు అని వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో ఆ మిషను చెప్పదు. నాకు ఒళ్ళు మండింది. పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎక్కడ తప్పారో చెప్పకుండా సున్నా వేసే మాస్టరును ఎవరైనా ఒప్పుకుంటారా? యంత్రం అయితే ఒప్పుకోవాలట.

"ఆగండి" అన్నాను, లాబొరేటరీలో ఉన్నట్టు. ప్రయోగంలో ఒకసారికి ఒకటే మార్చాలి. ముందు కుర్చీని కిటికీ వైపు తిప్పి వెలుతురు మార్చాను. సరిపోలేదు. కళ్ళద్దాలు తీయించాను. సరిపోలేదు. నా ఫోనులో పెట్టించాను. అదీ అంతే. క్యూలో ఉన్న ఒకాయన "మిషనే స్వామికి నామం పెట్టిందబ్బా!" అన్నాడు. అందరూ నవ్వారు, నాయన కూడా నవ్వాడు.

అప్పుడు ఆ అమ్మాయి నాయన గుర్తింపు కార్డు తీసి చూసింది. కార్డులో ఫోటో, ఎదురుగా మనిషి. రెండుసార్లు చూసి, "తాతా, కార్డులో మీకు నామం లేదు. అందుకే పట్టలేదేమో. ఒకసారి తుడుచుకుని రండి, సూద్దాం" అంది మెల్లగా.

నేను కార్డు లాక్కుని చూశాను. ఇన్నేళ్ళుగా ఆ కార్డు మా బీరువాలో ఉంది గానీ ఫోటో వైపు నేను సరిగ్గా చూసింది లేదు. గుండు, బోసి నొసలు, లోతుకుపోయిన కళ్ళు. అది మా అమ్మ పోయిన పదిరోజుల్లో తీయించుకున్నది. భార్య కర్మ చేసేవాడు తిన్నగా ఇంట్లో ఉండాలి గదా, ఎందుకు పోయాడంటారేమో. మా నాయన బతుకులో గుడికి పోనక్కర లేని రోజులంటూ ఉంటే అవి మైల రోజులే. గుడి మెట్టు ఎక్కకూడదు, గోష్ఠిలో కూర్చోకూడదు. పొద్దున్నే లేచిన మనిషికి ఏం చెయ్యాలో తోచదు. కార్డు పనీ, మీటరు పనీ, ఏళ్ళ తరబడి వాయిదా వేసినవన్నీ ఆ పదిరోజుల్లో చేసుకొచ్చాడు. ఇది మా ఇళ్ళవాళ్ళు మాత్రమే చెయ్యగల తెలివితక్కువ పని. ప్రభుత్వం దగ్గర ఉన్న మా నాయన, మా నాయన కాదు. ఆ పదిరోజుల మనిషి.

నాయనకు కోపం రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. లేచి నిలబడి, బడిలో గొంతు తెచ్చుకుని, "ఏమ్మా, నేను బతికుండానని సూపించేదానికి మైలమొహం ఏసుకుని రావల్లా? ఇదేం న్యాయం?" అన్నాడు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "తప్పయింది తాతా. మా తాత కూడా నామం పెట్టుకోనిదే మగ్గం మీద కూసునేవాడు కాదు. నాకు తెలుసు. వేరే దారి సూద్దాం, మీరు పోయి నాలుగు రోజులాగి రండి" అంది. నాయన వెంటనే మెత్తబడి "నీ మీద కాదులేమ్మా నా కోపం, ఆ మిషను మీద" అన్నాడు. మేము ఇంటికి వచ్చేశాం. దారిలో నేను ఊరుకోక, "ప్రయోగం సగంలో ఆగిపోయింది నాయనా. అది ఒక్కటి కూడా మార్చి చూసుంటే తెలిసిపోయేది" అన్నాను.

"అన్నీ మార్సు పాపా. ఇది మార్సద్దు" అన్నాడు.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. మర్నాడు సాయంత్రం ఎదురింటావిడ ఫోను పట్టుకుని ఒక్క పరుగున వచ్చింది. "అమ్మణ్ణీ, మీ నాయన ఫోన్లో వచ్చినాడు సూడు!" క్యూలో ఎవరో వీడియో తీశారు. కార్డు చూసిన ముక్క దాంట్లో లేదు, తప్పయింది తాతా అనడం లేదు, నీ మీద కాదులేమ్మా అనడం లేదు. ఆ అమ్మాయి "తుడుచుకుని రండి" అనడం, మా నాయన గర్జించడం. ఆ రెండే. పైన పెద్ద అక్షరాలతో, నామం తుడిస్తేనే పింఛనట అని. కింద జనం తిట్లు. ఆ అమ్మాయిది ఏ మతమో, ఏ కులమో, ఎవరు పెట్టారో ఆ ఉద్యోగంలో అని ఎవరెవరో అడుగుతున్నారు. తిరుపతిలో వాళ్ళు, నాయుడుపేటలో వాళ్ళు, ఎప్పుడూ ఈ ఊరు మొహం చూడనివాళ్ళు. మా నాయనకు జేజేలు కొడుతున్నారు. నాయనకు వినిపిస్తే, "నేను ఈ మాట ఎవురిని అన్నానో వాళ్ళకు తెలీదా?" అన్నాడు అయోమయంగా.

మూడోనాటికి సచివాలయంలో ఫోను మోగుతూనే ఉందట. ఎవరో ఆఫీసుకు వచ్చి అరిచి పోయారు. పైవాళ్ళు ఆ అమ్మాయిని సంజాయిషీ అడిగారు. ఆ అమ్మాయిని ఇక్కడినుంచి పంపేస్తారని ఊరంతా చెప్పుకుంటున్నారు. తడకేనట. తడ అంటే జిల్లాకు ఆ చివర, ఇంకో అడుగు వేస్తే తమిళనాడు. భర్త ఉద్యోగం ఇక్కడ, పాలు తాగే బిడ్డ ఇక్కడ. నేను సచివాలయానికి పోతే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మేడం, మీరన్నా చెప్పండి, నేను తాతను అవమానించలేదని" అని ఏడ్చింది. పక్కన కుర్చీల్లో ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

ఇంటికి వచ్చి నేనేం చేశానో చెప్తే మా స్టాఫ్ రూమువాళ్ళు నవ్వారు. ఆ వీడియో మీద ఫిర్యాదు మీట నొక్కాను. దీన్ని తీసెయ్యండి, దీనివల్ల ఒక ఆడపిల్లకు హాని అని రాశాను. మా స్టూడెంట్లందరి చేతా నొక్కించాను. ఎవరి వీడియో తీసేసినా ప్రజాస్వామ్యం పోయిందని గొంతు చించుకున్న నేనే, తీసెయ్యండి తీసెయ్యండి అని దణ్ణాలు పెట్టాను. మీ ఫిర్యాదు పరిశీలించాం, ఇది మా నియమాలకు విరుద్ధంగా లేదు అని జవాబొచ్చింది. పరిశీలించింది మనిషో, మళ్ళీ ఒక మిషనో అదీ తెలియదు. మా హిస్టరీ ఆయన టీ తాగుతూ, "ఏం మేడం, తప్పు మాటకు మందు ఒప్పు మాటే అన్నారు గదా. ఇప్పుడు కత్తెర కావల్సి వచ్చిందా?" అన్నాడు. ఆయన్ని ఏమైనా అందామనుకున్నాను. టీ గ్లాసు కడిగి పెట్టి క్లాసుకు పోయాను. కత్తెర ముందే పడింది, వీడియో తీసినవాడి చేతిలోనే. సగం మాట కోసేసి మిగతా సగాన్ని ఊరంతా తిప్పితే అది మాట్లాడే స్వేచ్ఛా, నోరు నొక్కడమా? నాకు ఇప్పటికీ తేలలేదు.

విచారణకు ఒక అధికారి వస్తాడని, నాయన కూడా రావాలని కబురొచ్చింది. ముందురోజు నేను నాయనకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

"తుడవమని ఆ అమ్మాయి అనలేదు, నేనే పొరబడ్డాను అని చెప్పు. అయిపోతుంది."

"అనింది కదమ్మా."

"మెల్లగా అనింది."

"మెల్లగా అన్నా అనినట్టే కదా."

"నిజం చెబితే ఆ పిల్ల తడకు పోతుంది నాయనా!"

"అబద్ధం చెప్తే వీడియోలో వినబడతా ఉండాదే, దానికేం చెప్తాను?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాయన ఉత్తరీయం మడత విప్పి మళ్ళీ మడత పెట్టాడు. చివరికి, "నేను ఆరోజు గట్టిగా అరవకుండా ఉంటే బాగుండును. గొంతు పెద్దది, అదే శనైంది" అన్నాడు. నాకు ఆయన మీద జాలీ కోపమూ రెండూ కలిసి వచ్చాయి.

విచారణ సచివాలయంలోనే పెట్టారు. అధికారి మర్యాదస్తుడే. నాయనకు కుర్చీ వేయించి, "స్వామీ, ఈ అమ్మాయి మిమ్మల్ని నామం తుడుచుకోమనిందా?" అని అడిగాడు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతులు ముడుచుకుని, మా నాయన నోటివైపే చూస్తోంది.

"అనింది" అన్నాడు నాయన.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. అధికారి కాగితం మీద ఏదో రాయబోయాడు. నాయన చెయ్యెత్తి ఆపాడు.

"అనింది. తప్పేముండాది? కార్డులో లేదు, మొహాన ఉండాది. ఏం చేస్తే పని అయితాదో చెప్పింది. డాక్టరు చొక్కా ఇప్పమంటే అవమానమా? నేనే అరిసినాను. ఆ యమ్మ తప్పయిందని గూడా అనింది. అది ఎవుడో కోసేసినాడు."

"అది మాకు తెలుస్తాది స్వామీ. కానీ జనం…" అన్నాడు అధికారి.

"జనానికి సూపిద్దాం." నాయన లేచాడు. బల్ల మీద నా నీళ్ళసీసా ఉంటే తీసి ఉత్తరీయం కొసను తడిపాడు. ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమయ్యేలోగా నొసలు తుడిచేసుకున్నాడు. తెల్లది పోయింది గానీ శ్రీచూర్ణం ఓ పట్టాన పోదు, నొసలంతా ఎర్రగా పాకింది. మళ్ళీ తడిపి మళ్ళీ రుద్దాడు. ఆ అమ్మాయి "వద్దు తాతా, వద్దు" అని ముందుకొచ్చింది. "నువ్వు ఊరుకో. నేనుగా చేస్తా ఉండా, ఎవురూ చెప్పలేదు. ఫోను పెట్టు" అన్నాడు.

ఆ పిల్ల ఫోను ముట్టుకోలేదు. అధికారే తన ఫోను తీసి పట్టుకున్నాడు. గుండ్రటి గీతలో నాయన మొహం. కళ్ళు ఆర్పాడు. గీత ఒక్క చుట్టు తిరిగి పచ్చబడింది. సరిపోయింది.

ఎవరూ సంతోషించలేదు. నాయన తెరవైపు తొంగి చూసి, "గుర్తుపట్టినాదే. మీ అమ్మ పోయినప్పటి మనిషిని గుర్తుపట్టినాది" అన్నాడు నాతో. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అదే సమయంలో, సిగ్గులేని బుర్ర, ఇంకోటి కూడా అనుకుంది: ఈరోజు ఈ గదిలో ట్యూబులైటు ఉంది, ఆరోజు కిటికీ వెలుతురు. ఫోను వేరు. ఒక్కసారి పచ్చబడితే నామమే కారణమని రుజువు కాదు. రుజువు కావాలంటే ఇక్కడే, ఈ వెలుతురులోనే నామం పెట్టించి మళ్ళీ చూడాలి. నా విద్యార్థి ఎవరైనా ఈ ప్రయోగాన్ని ఇలా సగంలో వదిలేసి రికార్డు రాస్తే సంతకం పెట్టను. నాయనను అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆ యంత్రం మా నాయన నొసటి మీద దేన్ని చూసి కాదందో, దేన్ని చూసి అవునందో నాకు ఈనాటికీ తెలియదు.

బయటికి వచ్చాక నాయన మెట్ల మీద నిలబడి, "ఫోను తియ్యి పాపా, నేను మాట్లాడతాను" అన్నాడు. ఎర్రగా అలుక్కుపోయిన నొసటితోనే, ఆ అమ్మాయిది ఏ తప్పూ లేదని, తనకు అవమానం జరగలేదని, నామం తానే తుడుచుకున్నానని, ఆ పిల్లను వదిలెయ్యమని చెప్పాడు. నేను దాన్ని మా గోష్ఠి గ్రూపులో పెట్టాను. మొదటి వీడియో జేజేలతో తిరిగింది ఆ గ్రూపులోనే. ఒప్పు మాట అంటే ఇదీ అనుకున్నాను. కాసేపటికి చూస్తే లేదు. తీసేశారు.

గ్రూపు నడిపే పెద్దాయన తనే ఫోను చేశాడు. నాయనకంటే కొంచెం చిన్నవాడు, గోష్ఠిలో పక్కనే కూర్చుంటాడు. "స్వామీ, తప్పనుకోవద్దు. ఆ మొహం సూడలేకపోయినాము. అందరూ అదిరిపోయినారు, ఏమైందో అని ఒకటే ఫోన్లు. మీ మీద గౌరవంతోనే తీసేసినాను" అన్నాడు. నేను ఫోను లాక్కుని, "మరి ఆ వీడియో తియ్యలేదే?" అని అరిచాను. "దాంట్లో స్వామి బాగుండాడు కదమ్మా, నిండుగా" అన్నాడు ఆయన. నిజాయితీగానే అన్నాడు. ఫోను పెట్టేశాక నాయన, "ఆయన్ని తిట్టద్దమ్మా. నేనైనా అదే పని చేసుందును" అన్నాడు. వీధిలోకి తీసుకుపోయి అందరికీ చూపించాల్సిన మొహాన్ని ప్రేమతోనే దాచేశారు. కోసిన వీడియోలోని మొహం మాత్రం ఊరూరా తిరుగుతోంది. ఇప్పుడు చెప్పండి, నేను సెన్సారుకు వ్యతిరేకినా, అనుకూలమా? ఎవరి మీద కేకలెయ్యాలి?

ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. విచారణలో తప్పు లేదని తేలిందట. అయినా పరిపాలనా కారణాల వల్ల ఆ అమ్మాయిని తడకు మార్చారు. తప్పు లేనప్పుడు మార్చడం దేనికని నేను పోయి కొట్లాడాను. "జనం మనోభావాలు చల్లబడాలి కదా మేడం. ఆ పిల్ల మంచికే" అన్నారు. జనం అప్పటికే ఇంకో వీడియో మీదికి పోయి ఉన్నారు. ఆ సంగతి చెబితే నా వైపు జాలిగా చూశారు. బిడ్డను నగరిలో అమ్మగారింట వదిలి, తను తడలో ఒక గది తీసుకుంది. భర్త ఇక్కడే. పోయే ముందు బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. నాయన కాళ్ళకు దణ్ణం పెడితే, "నా వల్లనే కదమ్మా" అని ఆయన తల పట్టుకున్నాడు. "మీరేం చేసినారు తాతా. నా నోటి వల్ల. ఇంక ఎవురికీ ఏమీ చెప్పను, మిషను ఏమంటే అంతే" అంది. బిడ్డ నాయన నామం వైపు చెయ్యి చాచి నవ్వుతున్నాడు. కాఫీ కలిపిస్తే సగం తాగి బస్సుకు టైమైందని లేచింది.

మొన్న ఒకరోజు మధ్యాహ్నం నాయన ఫోను మోగింది. ఆ అమ్మాయే. నాయనకు చెవి సరిగ్గా వినబడదు, అందుకని ఎప్పుడూ స్పీకరులో పెడతాడు. బాగుండావా, బిడ్డ బాగుండాడా అని ఆయన అడుగుతుంటే ఆ పిల్ల గొంతు తగ్గించి మాట్లాడింది.

"తాతా, ఒక మాట అడగల్లా. ఈడ ఒక అవ్వ వచ్చింది. మొగుడు పోయి ఏడాదైనట్టుంది. మిషను తీసుకోలేదు. మూడుసార్లు పెట్టినా. కార్డులో సూస్తే ఇంత బొట్టు ఉండాది తాతా. ఇప్పుడు నొసలు బోసిగా ఉండాది."

నాయన నా వైపు చూశాడు. నేను గరిట పట్టుకుని వంటింటి గడపలో నిలబడిపోయాను. మొగుడు పోయినంత మాత్రాన ఆడదాని బొట్టు ఎందుకు తీసెయ్యాలని ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్నదాన్ని నేను. ఎవరడిగినా పెట్టుకోమనే చెప్తాను. కానీ మిషను పెట్టుకోమంటే పెట్టుకోవాలా? ఆ ముసలమ్మ తను పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ దిద్దుకుని, తను బతికున్నానని ఫోనుకు చూపించాలా? పెట్టుకోమని చెబితే మంచిదా, చెడ్డదా?

"ఆమెనే అడిగి సూడమ్మా. ఏమంటాదో" అన్నాడు నాయన చివరికి.

"అడిగేదానికి భయంగా ఉండాది తాతా. క్యూలో అందురి చేతుల్లో ఫోన్లు ఉండాయి."

స్పీకరులోంచి అక్కడి జనం గోల వినబడుతోంది. ఆ గోలలోంచి ఒక ముసలి గొంతు, ఫోనుకు చాలా దగ్గరగా, ఓపికగా అడిగింది.

"ఏం పాపా, ఏమంటాది మిషను? నేను ఉండానా, పోయినానా?"